కమాను కన్ను

యాకయ్య సైకిలు గొలుసు కిర్రుమనడం ములుగు రోడ్డు మలుపు దాకా వినబడి ఆగిపోయింది. ఇక వినడానికి మిగిలింది నూనె చుక్క ఒక్కటే. జాకీ మెడ దగ్గర అది ఊరుతుంది, ఉబ్బుతుంది, జారుతుంది, కింద దుమ్ములో పడి నల్లటి బొట్టవుతుంది. చప్పుడు కూడా ఉండదు దానికి, కానీ రాజమల్లుకు వినబడుతూనే ఉంది, చెవితో కాదు, వేలితో. బండి కింద గోనె సంచి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడిచేయి పైకి లేచి ఉంది, చూపుడు వేలు ఇనుప రేకు తొర్రలో నుంచి కమాను కంట్లోకి దూరి అక్కడే చిక్కుకుంది. పట్టీల మీద పట్టీలు పేర్చిన కమాను కట్ట కొస చుట్టుకుని గుండ్రంగా ఉంటుంది కదా, దాన్నే కన్ను అంటారు. పైన బండి చట్రమైన ఛాసిస్‌కు అతికించిన రేకులో ఒక తొర్ర, ఇక్కడ కమానుకు కన్ను, రెండూ ఎదురెదురుగా వస్తే బోల్టు దిగుతుంది. వచ్చాయా లేదా అని వేలు పెట్టి చూశాడు. సరిగ్గా అప్పుడే జాకీ ఒక్క నూలుమందం కుంగింది. అంతే. ఇప్పుడు అది కుంగిన కొద్దీ రేకు కిందికి దిగుతుంది, తొర్ర కత్తెరలా మూసుకుంటుంది. అదే జాకీని కొట్టి పైకి లేపుదామంటే లోపల వాషరు పోయింది, కొట్టిన దానికంటే ఎక్కువ కుంగుతుంది. గడ్డపార వేసి ఛాసిస్ ఎత్తుదామంటే గడ్డపార ఆనడానికి కింద దిమ్మ లేదు. ఇటుక పెట్టి చూశాడు యాకయ్య, పొడైంది. ఇంకో జాకీ కావాలి. "ఎవనికన్న చెప్పినవో, తోలు తీస్త బిడ్డా. ఊరికెనే జాకీ కావాల్నని అడుగు. ఎందుకని అడిగితే పని ఉందను" అని పళ్ళు బిగబట్టి చెప్పాడు రాజమల్లు. యాకయ్య వంగి వేలు చూశాడు, మొహం చూశాడు, "మంచిది బావ" అన్నాడు, పోయాడు. మంచిది అన్నాడు. ఏం మంచిది?

ఆ మాటను నోట్లో వేసుకుని నములుతున్నాడు రాజమల్లు. మామూలుగా అయితే సరే బావ అంటాడు, పోతాన్న బావ అంటాడు, ఎక్కువసార్లు ఏమీ అనకుండా నవ్వుతాడు. పెళ్ళాం తమ్ముడు, నవ్వడానికే పుట్టాడు వాడు. ఏది అన్నా నవ్వుతాడు. ఇవాళ నవ్వలేదు. నవ్వే సందర్భం కాదనుకున్నాడేమో, లేక బయటికి పోయి సైకిలెక్కి మలుపు తిరిగాక నవ్వుకున్నాడేమో, మలుపు తిరిగాక గొలుసు చప్పుడు ఆగింది మరి, దిగి కడుపు పట్టుకుని నవ్వుకుంటున్నాడేమో. ఇంకో చుక్క. వేలు కొనలో నెత్తురు కొట్టుకుంటోంది, గొర్రెపిల్ల గుండెలాగా, పట్టుకుంటే చేతిలో దడదడమంటుందే, అట్లా. పైన బండి కడుపు కనబడుతోంది, గ్రీజు, అడవి బురద ఎండి పెచ్చులు కట్టిన మట్టి, ఎక్కడి వాగుదో ఒక ఎండుటాకు.

జపాను బండి ఇది. బోర్లు వేసే విదేశపోళ్ళు తెచ్చి వాడుకుని పోతే వేలంలో కిషన్ రావు దొర పాడుకున్నాడు, ములుగు అడవుల్లో వెదురు కొట్టించే కాంట్రాక్టరు. తారు రోడ్డు మీద వెన్న మీద కత్తిలా పోయేది. ముందు చక్రాలు రెండూ దేని చెయ్యికి అదే వేలాడుతూ ఉండేవి, ఒకటి గుంతలో పడితే రెండో దానికి తెలిసేది కాదు, అన్నదమ్ములు వేరుపడ్డట్టు. వాగులో రాళ్ళెక్కేసరికి ఆ చేతులు వంగాయి, చక్రాలు చెరో దిక్కుకు విచ్చుకున్నాయి, ఈనబోయే బర్రెలా కూలబడింది బండి. ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చి షెడ్డు ముందు పడేశారు. "దీని ముంగటి కాళ్ళు నరికెయ్ రాజమల్లూ" అన్నాడు కిషన్ రావు. "మిలిటరీ జీపు ఇరుసు తెచ్చి పెట్టు. ఎడ్లబండికి ఉన్నట్టు గీ కొస నుంచి గా కొస దాక ఒక్కటే ఇరుసు. ఒక చక్రం లేస్తే రెండోది అణగాలె. అడివికి గదే సక్కన." నరికాడు. గ్యాసు మంట పెట్టి ఆ సన్నటి జపాను చేతులను ఒక్కొక్కటే కోస్తుంటే ఎర్రటి రవ్వలు మీద పడ్డా కదల్లేదు రాజమల్లు, నోట్లో నీళ్ళూరాయి, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నట్టు. ఏదైనా బాగున్నదాన్ని కోస్తుంటే, ఎవడైనా తన చేతికింద మెలికలు తిరుగుతుంటే ఆ బెల్లం వస్తుంది నోట్లోకి. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునేదేం ఉంది అందులో, కొందరికి కల్లు, కొందరికి పేకాట. కోసిన చేతులు ఇప్పుడు ఆ మూలకు పడి ఉన్నాయి, తల పక్కకు తిప్పితే కనబడతాయి. తిప్పలేదు.

బండి కింద నుంచి చూస్తే లోకమంతా కాళ్ళే. రోడ్డు మీద చెప్పులు లేని కాళ్ళు, బర్రె కాళ్ళు, బస్సు చక్రాలు. రోడ్డుకు అవతల చాయ్ డబ్బా ముందు బల్ల కింద వేలాడుతున్న డ్రైవర్ల కాళ్ళు, ఒక కాలు ఊగుతోంది. ఒక్క కేక వేస్తే చాలు, ఆ కాళ్ళన్నీ లేచి ఉరికొస్తాయి, నలుగురు చేతులు వేసి బంపరు పట్టి ఎత్తితే లేచేంత బండే ఇది. ఆ సంగతి యాకయ్య పోకముందే తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఊగుతున్న కాలు ఆగింది. "మల్లన్నా!" సారంగపాణి గొంతు, ఇసుక లారీ డ్రైవరు, నోటికి ఆనకట్ట లేదు. "చాయ్ తాగుతవానె?"

వేలి నుంచి మోచేతి దాకా ఒక నిప్పు తీగ పాకింది. రాజమల్లు ఊపిరి బిగబట్టి గొంతు సరిచేసుకున్నాడు. "పనిల ఉన్న."

"నీ తొమ్మిది వేళ్ళ బామ్మర్ది ఎటు పోయిండు మరి? గొలుసు ఊడదొక్కుకుంట ఉరికిండు."

"పంపిన. వేలు దొరుకుతదేమో చూసి రా పో అన్న."

బల్ల మీద నవ్వు లేచింది. చాయ్ కాచే చిలుకమ్మ కూడా నవ్వింది, "నీ నోట్ల మన్నువడ మల్లన్నా" అన్నది. కాలు మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది. రాజమల్లు పెదవులు కూడా నవ్వుకు అలవాటుగా సాగాయి, చెమట ఒక చుక్క కంట్లోకి దిగి మండింది. తొమ్మిది వేళ్ళోడు అన్న పేరు పెట్టింది తనే. ఈ చాయ్ డబ్బా దగ్గరే పెట్టాడు. పేరు పెట్టినవాడి వేలు ఇట్లా ఉందని ఆ బల్లకు తెలిస్తే? వేలు పోతే పోనీ. వేలు పోయినవాడు బతుకుతాడు, యాకయ్య బతకడం లేదా?

మిలిటరీవాళ్ళు వేలం వేసిన డిస్పోజల్ లారీ అది, యాకయ్య వేలు తీసుకున్నది. ఇదే పని, కమాను కన్ను, తొర్ర. వాడు కొత్తగా పనిలో చేరాడు, ఎట్లా చూడాలె బావ అని అడిగాడు. వేలు పెట్టి చూడు రా, ఆడపిల్లవా అన్నాడు తను. పెట్టాడు. చిక్కింది. చిక్కింది అంతే, ఇట్లాగే, తోలు కూడా తెగలేదు అప్పటికి. జాకీ మర, వదులు చేస్తే బండి కిందికి దిగేది, తన చేతిలోనే ఉంది. చుట్టూ డ్రైవర్లు, క్లీనర్లు, ఇదే సారంగపాణి. యాకయ్య బావ బావ అంటున్నాడు కింద నుంచి. తను మర మీద చేయి వేసి, గొంతు పెంచి, అందరికీ వినబడేటట్టు, "ఎత్తాల్నా, దించాల్నా?" అని అడిగాడు. నవ్వారు. "ఎత్తు బావ, నీ కాల్మొక్త ఎత్తు బావ." "ఏంది, దించుమన్నవా?" మళ్ళీ నవ్వారు. బావా బామ్మర్దుల ముచ్చట, ఎవడు అడ్డం చెబుతాడు, పెళ్ళి పందిట్లో పీట కింద ముల్లు పెట్టినట్టు ఇదీ ఒక పరాచికం. కొంచెం, ఒక వెంట్రుక మందం తిప్పి మళ్ళీ బిగిద్దామనుకున్నాడు. బెల్లం. నోరంతా బెల్లం. మర జారింది. జారిందా? జారిందనే అందరికీ చెప్పాడు. పెళ్ళాం సమ్మమ్మకు కూడా అదే చెప్పాడు. టక్ అని చిన్న చప్పుడు, పచ్చి పుల్ల విరిచినట్టు. ఆ తర్వాత యాకయ్య అరవలేదు, అదే చిత్రం, బయటికి వచ్చి చేతిని చూసుకుని, చుట్టూ ఉన్న మొహాలను చూసి, నవ్వాడు. అప్పటి నుంచి మొదలైంది వాడికి ఆ నవ్వు.

చుక్క. యాకయ్య ఇంకా రాలేదు. ఎంతసేపైందో. ఎండ చక్రం నీడను ఇవతలికి జరిపింది.

పుల్ల. పచ్చి పుల్ల. మండి బజారులో తనకు పని నేర్పిన ఉస్తాద్ ఫకీర్ మహమ్మద్ చెవి మీద ఎప్పుడూ ఒక వేప పుల్ల ఉండేది, పళ్ళు తోముకోవడానికి అనుకునేవాడు తను పనిలో చేరిన కొత్తలో. తొర్రలు కలిసే చోట వేలు పెట్టబోతే చెయ్యి మీద మెల్లగా ఒక దెబ్బ వేసేవాడు ఉస్తాద్, దెబ్బ కూడా కాదు, ఈగను తోలినట్టు. "వేలు పెట్టకు బేటా, పుల్ల పెట్టు. ఇనుముకు సుట్టరికం తెల్వది." తిట్టు తెలియని మనిషి. ఒకసారి తన పొరపాటుకు ఇంజను ఎత్తే గొలుసు తెగి పడితే కూడా, దెబ్బ తగిలిందా బేటా అని అడిగాడు గానీ ఒక్క మాట అనలేదు. అందుకే అసహ్యం వేసేది. మెత్తటి మనిషిని చూస్తే రాజమల్లుకు పండిన పండును వేలితో నొక్కి నొక్కి నీళ్ళు కార్చాలనిపించేది. ఉస్తాద్ చెప్పినవన్నీ యాకయ్యకు చెప్పాడు, మరలు, పానాలు, ఇరుసు ఎంత వంచి పెడితే స్టీరింగు తనంతట తాను నిటారుకు వస్తుందో కూడా చెప్పాడు. పుల్ల సంగతి చెప్పలేదు. మరిచిపోయి కాదు. దాచుకున్నాడు, పిల్లి ఎలుకను ఒక్కసారే తినకుండా దాచుకున్నట్టు. యాకయ్య ఆ తర్వాత ఎక్కడ నేర్చుకున్నాడో, వాడి చెవి మీద ఇప్పుడు వేప పుల్ల ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా, ముసలమ్మకు చేతికర్ర, ఈడికి పుల్ల అని ఎగతాళి చేసి, వాడి ముందే తన వేలు తొర్రలో పెట్టి చూపించేవాడు. చూడు. మొగోడి వేలు. ఇన్నేళ్ళు ఇనుము తనను ఏమీ చేయలేదు.

సమ్మమ్మ ఆ వేలిని దుమ్ములో వెతికింది. అన్నం గిన్నె తెచ్చిన మనిషి గిన్నె అక్కడే పెట్టేసి, మోకాళ్ళ మీద వంగి, నట్లూ బోల్టులూ పక్కకు జరుపుతూ వెతికింది, చెవి కమ్మ పోగొట్టుకున్న మనిషిలాగా. మోదుగాకులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. వాకిట్లో ఒక మూల పాతిపెట్టింది. పొద్దున్నే వాకిలంతా పేడనీళ్ళ సానుపు చల్లుతుంది, ఆ జానెడు చోటు మాత్రం వదిలేస్తుంది, ఎండి పొడిగా ఉంటుంది అది. ఆమె ఎన్నడూ ఏమీ అడగలేదు. ఒక్కసారి, తమ్ముడు అన్నం కలుపుకోలేక ఎడమ చేతితో తింటుంటే చూసి, మొగుడి వైపు తిరిగి, "ఇంకింత పప్పు ఏద్దునా?" అన్నది. అంతే.

దిమ్మలు ఉంటే. దిమ్మలు ఉంటే గడ్డపారతో యాకయ్య ఒక్కడే ఎత్తేవాడు. అసలు జాకీ కుంగినా దిమ్మ మీద ఆగేది బండి. నల్లమద్ది దిమ్మలు, వాడే కోతమిల్లు నుంచి మోసుకొచ్చి, చిత్రిక పట్టి, నూనె పూసి, పిల్లల్లా చూసుకునేవాడు, జాకీ పక్కన అవి పెట్టనిదే బండి కిందికి పోయేవాడు కాదు. పొద్దున్న కమాను కన్ను సాగదీయడానికి కొలిమిలో బొగ్గు తక్కువైంది. బొగ్గుకు మనిషిని పంపొచ్చు. గొడ్డలి అందుకుని ఆ దిమ్మలను వాడి కళ్ళ ముందే చీల్చాడు తను. ఒక్కొక్కటి పగులుతుంటే యాకయ్య మొహం చూశాడు. ఏం దొరకలేదు అందులో. నవ్వాడు. నూనె తాగిన కట్టె కదా, మంచిగ మండుతది బావ అన్నాడు. మండింది. ఆ మంటలోనే కన్ను ఎర్రబడింది, ఆ కన్నే ఇప్పుడు తన వేలు పట్టుకుంది.

రాడు. వాడు రాడు. ఎందుకు రావాలి? తనైతే తిరిగి వచ్చేవాడా? పోయి, ఎక్కడో నీడకు కూర్చుని, ఇప్పుడు తెగి ఉంటుంది, ఇప్పుడు, అనుకుంటూ బెల్లం చప్పరించేవాడు. యాకయ్యకు బెల్లం రుచి తెలియకుండా ఉంటుందా, ఇన్నేళ్ళు పక్కనే ఉండి. వస్తే, వస్తే గనక, షెడ్డు బోర్డు మీద వాడి పేరు కూడా రాయిస్తాను. దిమ్మలు కొనిస్తాను. చాయ్ డబ్బా దగ్గర ఆ పేరు ఇంకెవడన్నా పలికితే పళ్ళు రాలగొడతాను. మైసమ్మ తల్లీ, మేకపోతును ఇస్తాను. వస్తాడు, వచ్చి అడుగుతాడు. అది తప్పదు. ఎత్తాల్నా దించాల్నా అని అడుగుతాడు. అడగనీ. అడిగితే ఏమనాలో తయారుగా పెట్టుకున్నాడు రాజమల్లు, నాలుక కింద పెట్టుకున్నాడు, నీ కాల్మొక్త అని. మెల్లగా అనాలి, బల్లకు వినబడకుండా. వేలు ఇప్పుడు నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసి భయం వేసింది. వేలు తనది కానట్టు, ఎవరో తన చేతికి కట్టిన ముడి అయినట్టు ఉంది.

గొలుసు కిర్రు. నిజంగానే. సైకిలు గోడకు ఆనిన చప్పుడు, జాకీ నేల మీద పెట్టిన బరువు. యాకయ్య కాళ్ళు, యాకయ్య మోకాళ్ళు, యాకయ్య మొహం. పక్కన బోర్లా పడి పాకుతూ వచ్చాడు, చెవి మీద పుల్ల, చెమట వాసన. "టైరు షాపు వెంకటయ్య పంచరు అతుకుతాండు" అన్నాడు. "జల్ది ఉన్నదా అన్నడు. లేదన్న. నువ్వు చెప్పొద్దంటివి గద." ఛాసిస్ కింద రెండో జాకీ సర్దాడు. దాని పక్కన, ఎక్కడ సంపాదించాడో, ఒక తుమ్మ మొద్దు దొర్లించి పెట్టాడు. మర బిగించాడు, కడ్డీ దూర్చాడు. రాజమల్లు వాడి పెదవులనే చూస్తున్నాడు. ఇప్పుడు అడుగుతాడు. ఇప్పుడు. యాకయ్య కడ్డీ కొట్టాడు, ఒకటి, ఇంకొకటి, మెల్లగా, పసిపిల్లను ఊపినట్టు. రేకు లేచింది. పట్టు వదిలి చేయి ఛాతీ మీద పడింది, వేలు నల్లగా, చదునుగా, గోరు లేచిపోయి, కానీ మొత్తంగా. యాకయ్య తన తువ్వాల కొన చింపి చుట్టాడు, ముడి వేశాడు. ఏమీ అడగలేదు.

అడగలేదు. నాలుక కింద పెట్టుకున్న మాట అక్కడే ఉండిపోయింది, ఉమ్మలేక, మింగలేక. బండి కింద నుంచి బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాడు. సారంగపాణి చాయ్ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వస్తున్నాడు, వెనక ఇంకో ఇద్దరు. "ఏమైందే మల్లన్నా, చేతికి గా గుడ్డ ఏంది?" యాకయ్య వెనకాలే నిలబడి ఉన్నాడు. చెప్పొచ్చు. ఇంతసేపు అనుకున్నవన్నీ గొంతు దాకా వచ్చాయి, గొంతు దగ్గర వాటి ముఖాలు మారాయి. "ఈడు జాకీ మర సక్కగ బిగియ్యలే" అన్నాడు రాజమల్లు. "తొమ్మిది వేళ్ళతోని గంతకన్న ఏం బిగిస్తడు?" సారంగపాణి నవ్వాడు. రాజమల్లు యాకయ్య వైపు చూశాడు, వాడి నవ్వు కోసం. యాకయ్య చెవి మీద పుల్ల తీసి కొస కొరుకుతున్నాడు. నవ్వలేదు.

"దొర పొద్దూకేటాల్లకు అస్తడు. పోయి కన్ను చూడు" అన్నాడు రాజమల్లు. యాకయ్య పోయాడు. తుమ్మ మొద్దు కొంచెం జరిపి లోపలికి పాకాడు, పాదాలు మాత్రం బయటికి కనబడుతున్నాయి. "జర దించు బావ, మెల్లగ." రాజమల్లు గొంతుకూర్చుని ఎడమ చేయి జాకీ మర మీద వేశాడు. మంచి జాకీ, మర వెన్నలా తిరుగుతోంది. రేకు తొర్ర దగ్గర చీకట్లో ఏదో సన్నగా దూరడం కనబడింది. గుడ్డ కింద వేలు కొట్టుకుంటోంది, మళ్ళీ తనదవుతోంది, మళ్ళీ నొప్పి. వాడు అడిగి ఉంటే. ఒక్క మాట అడిగి ఉంటే చెల్లుకు చెల్లు అయిపోయేది, తను కాళ్ళు మొక్కేవాడు, అయిపోయేది. అడగకుండా ఎత్తాడు. చుట్టూ ముగ్గురు నిలబడి ఉన్నారు. రాజమల్లుకు తన గొంతు వినబడింది, పెద్దగా, అందరికీ అందేటట్టు.

"ఎత్తాల్నా, దించాల్నా?"

బండి కింద యాకయ్య పాదాలు కొంచెం సర్దుకున్నాయి. తర్వాత, "నీ ఇష్టం బావ" అన్నాడు యాకయ్య.

మర తిరిగింది. టక్. పచ్చి చప్పుడు. ముగ్గురూ అరుపు కోసం చూశారు, రాలేదు. అవతలి వైపు నుంచి యాకయ్య బయటికి వచ్చాడు, మోకాళ్ళు దులుపుకున్నాడు, చేతులు రెండూ ముందుకు చాచాడు, వాళ్ళందరూ లెక్కపెట్టుకునేటట్టు. తొమ్మిదీ ఉన్నాయి. ఒక చేతిలో వేప పుల్ల సగం. ఆ సగాన్ని తెచ్చి రాజమల్లు ఒళ్ళో, గుడ్డ చుట్టిన చేతి పక్కన పెట్టాడు. తర్వాత తుమ్మ మొద్దును దొర్లించి ఛాసిస్ కిందికి నెట్టి, జాకీ దించి బయటికి లాగాడు. "వెంకటయ్య మళ్ళ తెచ్చియ్యిమన్నడు" అన్నాడు, ఎవరితో అన్నట్టూ కాకుండా. దాన్ని సైకిలు వెనక తాడుతో కట్టాడు. చెవి మీద చేయి వేసి, పుల్ల లేదని గుర్తొచ్చి, గేటు దగ్గర వేప కొమ్మ ఒకటి వంచి కొత్తది తుంచుకున్నాడు.

"ఓ యాకన్నా, ఎటు?" అన్నాడు సారంగపాణి. వాడి నోటి నుంచి ఆ పేరు రావడం అదే మొదటిసారి.

గొలుసు కిర్రుమంటూ మలుపు దాకా వినబడింది. ఈసారి మలుపు దగ్గర ఆగలేదు, ఇంకా దూరం పోతూ పోతూ సన్నగిల్లింది. డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని రోడ్డు దాటి పోయారు, చిలుకమ్మ బల్ల తుడుస్తూ ఇటు చూడలేదు. ఇరుసు బండి కింద అడ్డంగా పడి ఉంది, ఒక కన్ను బోల్టెక్కి, ఒక కన్ను పుల్ల ముక్కతో. రాజమల్లు అక్కడే గొంతుకూర్చుని ఉన్నాడు. నోట్లో బెల్లం ఇంకా కరుగుతూనే ఉంది.